సగం ఆరిపోయిన సీరియల్ లైట్లు మళ్లీ వెలిగాయి (నా అనుభవం)

దీపావళికి మా కూకట్‌పల్లి బాల్కనీకి కట్టిన ఎల్‌ఈడీ సీరియల్ సెట్ వాన పడ్డ మర్నాడు సగం ఆరిపోయింది. ప్లగ్ మార్చాను, కంట్రోలర్ డబ్బా మార్చాను, ఎండలో ఆరబెట్టాను, లాభం లేదు.

చివరికి ప్లగ్ పీకేసి, ఆరిన భాగంలో ఒక్కో బల్బు అడుగున ఉన్న తీగను వేలితో మెల్లగా వంచి చూశాను. ఒకచోట తీగ ఊడి చేతికొచ్చింది. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి పొడిలా రాలుతోంది. ఆ భాగంలో బల్బులన్నీ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) ఉంటాయి, ఒక్కచోట తెగితే అన్నీ ఆరిపోతాయి. మెరిసే రాగి కనిపించేదాకా తీగ కత్తిరించి, ముందే వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం (స్లీవ్) ఎక్కించి (ఇది మరిచిపోతే మళ్లీ విప్పాలి), బల్బు కాలికి సోల్డర్ చేశాను. స్లీవ్‌ను వేడిచేసి బిగించి, రెండు చివర్లా నీళ్లు చొరబడకుండా సిలికాన్ జిగురు పూసి, రాత్రంతా ఆరాకే ప్లగ్ పెట్టాను. సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది.

ఆ తర్వాత రెండు వానలకు తట్టుకుంది. సెట్ మొత్తం ఆరిపోతే ఇది పనిచేయకపోవచ్చు. అప్పుడు ముందు కంట్రోలర్‌నే చూడండి.