కాలేజీ లైబ్రరీలోని తెలుగు పుస్తకాలను కోహాలోకి ఎక్కించడం ఎలా?

ఇప్పటి విద్యార్థి బీరువాల మధ్య తిరిగి పుస్తకం వెతుక్కోడు. విశాఖ మద్దిలపాలెంలో బస్సెక్కినప్పుడే ఫోన్‌లో ఓపాక్ (లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగు) తెరిచి పేరు కొడతాడు. ఏమీ రాకపోతే ఆ పుస్తకం మన దగ్గర లేదనుకుంటాడు. నాలుగు కాపీలు దుమ్ము కొట్టుకుని బీరువాలోనే ఉన్నా, కౌంటరు దాకా వచ్చి అడగడు. ఆటోమేషన్ అయిపోయిందని బోర్డు పెట్టుకున్న లైబ్రరీల్లో కూడా తెలుగు పుస్తకాల గతి తరచూ ఇదే. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. కాలేజీలకు గుర్తింపు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తోందంటే హడావుడిగా ఎవరి చేతో యాక్సెషన్ రిజిస్టరు (లైబ్రరీకి వచ్చిన పుస్తకాల చిట్టా) టైపు చేయించి, అది కనిపిస్తుందో లేదో చూసుకోకుండా ఎక్కించేయడం వల్ల వచ్చిన తంటా ఇది.

ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్, ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి, వాటితో పని నడుస్తుంది. అయినా కోహానే తీసుకోండి. 2000లో న్యూజిలాండ్‌లోని ఒక ప్రాంతీయ లైబ్రరీలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు రుసుము లేదు. సమాచారం మార్క్ 21 అనే అంతర్జాతీయ కేటలాగు రూపంలో మన సర్వర్లోనే ఉంటుంది. పెట్టిన ఏజెన్సీతో పొసగకపోతే ఇంకొకరిని పిలుచుకోవచ్చు. మూడేళ్లకోసారి ప్రిన్సిపాల్ మారే చోట ఇది చిన్న విషయం కాదు.

కావలసినవి

8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న ఒక మామూలు సర్వర్, దాని మీద డెబియన్ గానీ ఉబుంటు గానీ. యూపీఎస్. రెండు డెస్క్‌టాప్‌లు, ఒక బార్‌కోడ్ స్కానర్. షీటుకి లిబ్రే ఆఫీస్, దాన్ని మార్క్ ఫైలుగా మార్చడానికి మార్క్ఎడిట్, రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఇష్యూ కాని పుస్తకం బయటికి పోతే మోగే ఆర్ఎఫ్ఐడీ గేట్ల మాట ఇప్పుడే ఎత్తొద్దు. కేటలాగు సరిగా లేని లైబ్రరీకి గేటు పెడితే ఫోటోలకు బాగుంటుంది, అంతే.

స్టిక్కర్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఇంక్‌జెట్‌లో కొట్టిన కాగితపు లేబుళ్లు మన సముద్రపు తేమకి రెండు వానాకాలాలు కూడా నిలవవు. సిరా చెదురుతుంది, అంచులు లేస్తాయి. బిల్లు రశీదు కొట్టే రకం థర్మల్ కాగితం ఇంకా అన్యాయం, రాత వెలిసిపోతుంది. పాలియెస్టర్ లేబుల్, రెజిన్ రిబ్బన్ వాడే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటరే కొనండి. ఒక్కో పుస్తకానికి రెండు స్టిక్కర్లు: ఒకటి టైటిల్ పేజీ వెనక, ఇంకొకటి చివరి అట్ట లోపలి వైపు. పై అట్ట మీద అంటిస్తే బైండింగుకి వెళ్లిన రోజునే పోతుంది.

మొదటి దశ: ఉన్నవేవో తేల్చుకోవడం

రిజిస్టరులో ఉన్నదంతా బీరువాలో ఉండదు. ముందు స్టాక్ వెరిఫికేషన్ చేసి, లేనివాటి జాబితా వేరు పెట్టి, చెదలు తినేసినవాటిని కమిటీ సంతకాలతో తీసేయండి. కేంద్రప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017), 215వ నియమం ప్రకారం 20,000 సంపుటాల వరకు ఉన్న లైబ్రరీలో ఏటా పూర్తి తనిఖీ జరగాలి. 20,000 దాటి 50,000 వరకు ఉంటే మూడేళ్లకోసారి. వెయ్యి పుస్తకాలు ఇష్యూ అయితే ఐదు పోవడాన్ని ఆ నియమమే సహజ నష్టంగా ఒప్పుకుంటుంది. కాబట్టి పోయిన పుస్తకాలను దాచిపెట్టి, లేనివాటికి కూడా రికార్డు ఎక్కించాల్సిన అగత్యం ఎవరికీ లేదు.

రెండో దశ: షీటు తయారీ

పుస్తకం చేతిలో పెట్టుకుని టైపు చేయాలి, రిజిస్టరు చూసి కాదు. రిజిస్టరులో పేరు సగమే రాసి ఉంటుంది, ప్రచురణ సంవత్సరం చాలాసార్లు ఉండనే ఉండదు. ఒక పేరుకి ఒకే వరుస. అదే పుస్తకం ఐదు కాపీలుంటే ఐదు రికార్డులు చేయొద్దు. మొదటి రికార్డు ఎక్కాక, ఐటెమ్‌లు చేర్చే చోట ఎక్కువ కాపీలు ఒకేసారి కలిపే వీలుంది.

కాలమ్‌లు ఇవి చాలు (పక్కనున్నవి మార్క్ ఫీల్డుల సంఖ్యలు): ఐఎస్‌బీఎన్ 020లో, రచయిత 100లో, పేరు 245లో, మారుపేర్లు 246లో, ప్రచురణ వివరాలు 260లో, పేజీలు 300లో, విషయాన్ని బట్టి ఇచ్చే డ్యూయీ వర్గీకరణ సంఖ్య 082లో. తెలుగు సాహిత్యానికి 894.827. భాష సంకేతం 041లో, 008లో రెండుచోట్లా ‘టీ ఈ ఎల్’ అని ఉండాలి, లేకపోతే భాషను బట్టి వడపోసినప్పుడు తెలుగు పుస్తకం తప్పుకుంటుంది. కాపీ వివరాలన్నీ 952లో: ‘పీ’ బార్‌కోడ్, ‘ఓ’ కాల్ నంబరు, ‘వై’ ఐటెమ్ రకం, ‘ఏ’, ‘బీ’ లైబ్రరీ కోడ్.

ఎక్సెల్‌లో చేయకండి. 13 అంకెల ఐఎస్‌బీఎన్‌ని అది దశాంశాలు, ఘాతాంకాలుగా మార్చేస్తుంది, బార్‌కోడ్ ముందున్న సున్నలు మింగేస్తుంది, మామూలు సీఎస్‌వీగా భద్రపరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. లిబ్రే ఆఫీస్ క్యాల్క్ ఫైలు తెరిచేటప్పుడే అక్షరాల ఎన్‌కోడింగ్ ఏమిటని అడుగుతుంది. యూటీఎఫ్-8 ఎంచుకుని, అన్ని కాలమ్‌లూ టెక్స్ట్ అని గుర్తించి ముందుకెళ్లండి.

మూడో దశ: తెలుగు పేరును దొరికేలా చేయడం

పని చెడేదంతా ఇక్కడే. తొందర పడేవాళ్లు ఈ దశ దగ్గర ఆగి రెండుసార్లు చదవండి.

మొదట ఫాంట్ల సంగతి. పాత జాబితా ఏదైనా డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కాదు. తెరమీద తెలుగులా కనిపిస్తుంది, కోహాలో అతికిస్తే పిచ్చిగీతలవుతుంది. మార్చే కన్వర్టర్లున్నాయి గానీ ఒత్తులు, వట్రుసుడులు దగ్గర అవి తడబడతాయి. మార్చాక వరుస వరుసా పుస్తకంతో పోల్చాల్సిందే. 500 పేర్ల లోపు జాబితా అయితే కన్వర్టర్ జోలికి పోకుండా మళ్లీ టైపు చేయడమే త్వరగా అవుతుంది.

రెండోది కంటికి దొరకని తప్పు. తెలుగు అంకె సున్న (౦), అనుస్వారం (ం) చూడ్డానికి ఒకటే, కంప్యూటరుకి రెండూ వేర్వేరు. ‘వ్యాకరణ౦’ అని సున్నతో కొట్టిన పేరు ఎప్పటికీ దొరకదు, ఎందుకు దొరకడం లేదో ఎవరికీ అంతు చిక్కదు. స్కాన్ బొమ్మ నుంచి ఓసీఆర్‌లో తీసిన పాఠంలోనూ ఇది వస్తుంది. పేరు, రచయిత కాలమ్‌లలో అంకె సున్నను వెతికి అనుస్వారంతో మార్చండి. ఒక్కసారిగా అంతా మార్చేయకండి. పాత పుస్తకాల్లో సంవత్సరాలు తెలుగు అంకెల్లో ఉంటాయి, అవి పాడవుతాయి.

మూడోది పదాల కూర్పు. వెతుకులాట ఖాళీలను బట్టి నడుస్తుంది. ‘అర్థశాస్త్రం’ ఒక మాట, ‘అర్థ శాస్త్రం’ రెండు మాటలు. ‘శ్రీనివాసరావు’ కలిపి కొట్టిన చోట ‘శ్రీనివాస రావు’ అని విడిగా వెతికితే రాదు. విద్యార్థి ఫోన్‌లో మాట్లాడి టైపు చేయిస్తే ఆ ఫోన్ దానికి తోచినట్టు విడగొడుతుంది. పాత పుస్తకం మీద ‘వ్యాకరణము’ అని ఉంటే అతడు ‘వ్యాకరణం’ అంటాడు. ఎఱ్ఱన అని అచ్చయిన చోట ఎర్రన అంటాడు. కొంతమంది కేటలాగర్లు దీనికి విరుగుడుగా 245లోనే పేరు ‘సరిదిద్దుతారు’. ఘోరం. 245లో టైటిల్ పేజీ మీద ఎలా ఉంటే అలాగే, అరసున్నతో సహా, ఉండాలి. పరిశోధకుడు దాన్నే నమ్ముతాడు. మిగతా రూపాలన్నిటికీ 246 ఉంది. ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, డబ్బులేం అడగదు.

ఇక నాలుగోది, అందరూ వదిలేసేది. కాలేజీ పిల్లల్లో ఎక్కువమంది తెలుగు పేరును ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు, వాట్సాప్‌లో కొట్టినట్టే. అందుకని ప్రతి తెలుగు పుస్తకానికీ ఒక 246లో ఇంగ్లిషు లిపి రూపం తప్పనిసరి. లైబ్రరీ సైన్సు పాఠాల్లో నేర్పే గీతలు, చుక్కలు పెట్టే లిప్యంతరీకరణ కాదు. అది అంతర్జాతీయ కేటలాగులకు పనికొస్తుంది, గాజువాక నుంచి వచ్చే బీఏ విద్యార్థికి కాదు. అతడు ‘అర్థ’ అనే మాటలో ‘టీ హెచ్’ కొడతాడు, పక్కవాడు ‘డీ హెచ్’ కొడతాడు. ‘శ’కి ఒకరు ఉత్త ‘ఎస్’, ఇంకొకరు ‘ఎస్ హెచ్’. రెండు స్పెల్లింగులు చాలు, మూడోది అనవసరం. దీర్ఘాలకి ‘ఏ’ రెండుసార్లు పెట్టొద్దు, ఒకసారే పెట్టండి. ఈ నియమాలు ఒక పేజీలో రాసి టైపు చేసేవాళ్ల ఎదురుగా గోడకి అంటించండి. ఇద్దరు మనుషులు రెండు పద్ధతుల్లో కొడితే అంతకంటే అసలు కొట్టకపోవడమే నయం.

రచయితల పేర్లు ఇంటిపేరుతోనే మొదలుపెట్టండి, కామా పెట్టి తిప్పడాలు వద్దు. మన పేర్లు ఇంగ్లిషు పేర్లలా తలకిందులు చేస్తే పుస్తకం మీద ఒకటి, తెరమీద ఇంకొకటి అవుతుంది. కలం పేర్లకి అథారిటీ రికార్డు (ఒకే మనిషి పేర్లన్నిటినీ కలిపేది) చేయాలి. శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినా శ్రీశ్రీ పుస్తకాలు రావాలి, రాచకొండ విశ్వనాథశాస్త్రి అన్నా రావిశాస్త్రివి రావాలి. ఇద్దరూ ఈ ఊరివాళ్లే, ఇక్కడి లైబ్రరీలో వాళ్లే దొరక్కపోతే ఎలా? అథారిటీలో ఒక పేరు 100లో, మారుపేర్లు 400లో పెడితే సరిపోతుంది.

ఇంత చేసినా సర్వర్లో ఒక అమరిక తప్పితే శ్రమంతా వృథా. కోహా వెతకడానికి వాడే జీబ్రా అనే ఇండెక్సు మామూలుగా లాటిన్ అక్షరాల పట్టికతో వస్తుంది. తెలుగు కావాలంటే దాని డిఫాల్ట్ ఇండెక్సు ఫైలులో ఆ పట్టిక తీసేసి ఇతర లిపులనూ గుర్తించే ఐసీయూ అనే పద్ధతి పెట్టాలి, తర్వాత మొత్తం ఇండెక్సు మళ్లీ కట్టించాలి. పెట్టి కట్టించకపోతే ఏమీ మారదు. సర్వర్ పెట్టే కుర్రాణ్ని బిల్లు చెల్లించకముందే ఈ రెండూ అయ్యాయా అని అడగండి. తెలుగు రికార్డు తెరమీద అందంగా కనిపించినంత మాత్రాన వెతికితే వస్తుందని కాదు. చూపించడం వేరు, వెతకడం వేరు.

నాలుగో దశ: ఎక్కించడం

మార్క్ఎడిట్‌లో షీటు తెరిచి కాలమ్‌లను ఫీల్డులకు జత చేసి, యూటీఎఫ్-8 ఎంచుకుని మార్క్ ఫైలు చేయండి. కోహాలో ముందు స్టేజింగ్ (ఫైలును పక్కన పెట్టి చూసుకోవడం), తర్వాత ఇంపోర్ట్ (కేటలాగులోకి చేర్చడం). ఐఎస్‌బీఎన్ మ్యాచింగ్ నియమం (అదే సంఖ్య ఉన్న పాత రికార్డుతో జత చేసేది) తెలుగు పుస్తకాలకు పెట్టొద్దు. పాతవాటికి ఆ సంఖ్యే ఉండదు, కొన్ని కొత్తవాటి మీద వేరే పుస్తకం సంఖ్య అచ్చయి ఉంటుంది. అప్పుడు మంచి రికార్డు మీద ఇంకోటి కూర్చుంటుంది.

మొదట 20 రికార్డులు మాత్రమే. లైబ్రరీ కంప్యూటర్లో కాకుండా మొబైల్ డేటా మీద ఫోన్‌లో వెతికి చూడండి. తెలుగులో, ఇంగ్లిషు అక్షరాల్లో, మాట్లాడి, మూడు రకాలుగా. మూడూ వస్తేనే మిగతావి, 500 చొప్పున. బ్యాచ్ తప్పితే ఇంపోర్ట్‌ను వెనక్కి తీయొచ్చు, కానీ ఇష్యూలు మొదలయ్యాక అది చిక్కు. అందుకే ఈ పని మే నెలలో పెట్టుకోవడం మంచిది.

ఓపాక్‌ని క్యాంపస్ వైఫైకి కట్టేయకండి. హాస్టల్లో, బస్సులో, ఆర్కే బీచ్‌లో ఎక్కడైనా తెరుచుకోవాలి. ఈ-పుస్తకాలుంటే 856లో లింకు ఇవ్వండి. కాలేజీలకు ఈ-పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్‌వి, నేషనల్ డిజిటల్ లైబ్రరీవి పెట్టొచ్చు. వాట్సాప్‌లో తిరిగే స్కాన్ పీడీఎఫ్‌లు మాత్రం పెట్టొద్దు. మన చట్టంలో రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది.

బ్యాకప్ రోజూ దానంతటదే జరుగుతుంది, కానీ అదే సర్వర్లో పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు, నెట్టు లేవు. వారానికోసారి కాపీ ఊరి బయటి సర్వర్‌కో క్లౌడ్‌కో పంపండి. ఆర్నెల్లకోసారి ఆ కాపీ నుంచి వేరే మెషీన్ మీద కోహాను నిలబెట్టి చూడండి.

మొదలుపెట్టాక కౌంటరు దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచండి. విద్యార్థి వచ్చి ‘దొరకలేదు’ అన్నప్పుడల్లా పుస్తకం పేరు కాదు, అతడు ఫోన్‌లో ఏం కొట్టాడో అక్షరం పొల్లుపోకుండా రాయాలి. శనివారం కూర్చుని ఆ రూపాలను 246లో కలపండి.