పెరట్లో రాలిన ఆకు ఎత్తేముందు

ఆశ్వయుజం, కార్తీకంలో ఈశాన్య రుతుపవనాలు ఆలస్యమై ఎండలు కాస్తే, నెల్లూరు, ఒంగోలు వైపు పెరళ్లలో బాదం, వేప ఆకు ఎండి పోగుపడుతుంది. పని ఎండెక్కకముందే పెట్టుకోండి, కానీ చీకట్లో వద్దు.

అసలు ప్రమాదం కుప్ప కిందే. రక్తపింజర ఎండుటాకు రంగులోనే ఉంటుంది, అలికిడైనా కదలదు. తేళ్లు, జెర్రులు సరేసరి.
• పిక్కల దాకా బూట్లు, మందపాటి గ్లవుజులు.
• పొడుగు కర్రతో కుప్పను అంచు నుంచి కదిలించి, కాసేపు ఆగి, ఆ తర్వాతే పార వేయండి. చేత్తో ఎత్తొద్దు.
• పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నాటువైద్యం ఏవీ వద్దు. కాలు కదలనీయకుండా 108లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

నిప్పు పెట్టొద్దు. పొడిగాలికి నిప్పురవ్వ పక్కింటి గడ్డివామికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరిస్తే చాలు. తడిపి ముద్ద చేస్తే పరకకు రాదు.

మిద్దె మీద వాననీటి గొట్టం మూతి మర్చిపోతారు. నాలుగు బాదం ఆకులు అడ్డుపడితే మొదటి తుఫాను వానకే మిద్దె చెరువవుతుంది. దోనెలా ముడుచుకున్న ఆకుల్లో నీళ్లు నిలిస్తే వారం పది రోజుల్లో దోమలు.

ఎరువు చేయాలంటే ముందు ప్లాస్టిక్ ఏరేయండి. అర అడుగు ఆకు, పైన పేడనీళ్లు (10 లీటర్లకు 2 కిలోల పేడ), పిడికెడు మట్టి, ఇలా వరసలు. గుప్పిట పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి; ధార కారితే కుళ్లి కంపు కొడుతుంది. 15 రోజులకోసారి తిరగేయండి, అదీ కర్రతో కదిలించాకే.