ఉస్మానాబాదీ మేకలు: దొడ్డి నుంచి మాళేగావ్ జాతర దాకా

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాలలో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే చిన్న రైతులలో చాలామంది నాలుగైదు మేకలను పెంచుతుంటారు. కూతురి పెళ్లికో, విత్తనాల ఖర్చుకో ఒకదానిని అమ్ముకోవడమే తప్ప జాతిని నిలబెట్టాలన్న ఆలోచన వారికి ఉండదు, ఉండాలని అనుకోవడం కూడా న్యాయం కాదు. పది పన్నెండు ఉస్మానాబాదీ మేకలను శుద్ధంగా పెంచుతూ, లోహా తాలూకాలోని మాళేగావ్‌లో జరిగే ఖండోబా జాతర ప్రదర్శనకు ఏటా ఒకటి రెండింటిని తీసుకెళ్లాలని కోరిక ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను.

ఉస్మానాబాద్ జిల్లా పేరు ధారాశివ్‌గా మారినా మేక మాత్రం ఉస్మానాబాదీగానే మిగిలింది. ఎక్కువ మేకలు పూర్తిగా నల్లగా ఉంటాయి, కొన్నింటికి చెవుల మీదా మెడ మీదా తెల్ల మచ్చలు ఉంటాయి. చెవులు కిందికి వాలి, కాళ్లు పొడవుగా ఉంటాయి. పోతులలో చాలావాటికి కొమ్ములు ఉంటాయి, ఆడమేకలలో కొమ్ములు లేనివి కూడా బాగానే కనిపిస్తాయి. ఎదిగిన మేక 30 నుంచి 35 కిలోలు తూగుతుంది. ఈ జాతికి గిరాకీ తెచ్చింది రంగు కాదు, ఎండను తట్టుకునే గుణమూ తరచుగా కవలలను ఈనే గుణమూ. వారపు సంతలో నల్లగా కనిపించిన ప్రతి మేకనూ ఉస్మానాబాదీ అనే అమ్ముతారు కాబట్టి, పిల్లను కొనేముందు తల్లిని చూడాలి, తల్లి ఎన్ని ఈతలు ఈనిందో, ఎన్ని పిల్లలను బతికించుకుందో అడగాలి. పుణ్యశ్లోక్ అహల్యాదేవి పేరుతో నడిచే రాష్ట్ర గొర్రెలు, మేకల అభివృద్ధి మహామండలికి మన జిల్లాలోనే ముఖేడ్‌లో క్షేత్రం ఉంది. విత్తనపు పోతు కావలసినవారు ముందుగా అక్కడ విచారించడం మంచిది.

రోజు పని దొడ్డి తలుపు తీయకముందే మొదలవుతుంది. బయట నిలబడి రెండు నిమిషాలు ఊరికే చూడాలి. ఏది నెమరు వేయడం లేదు, ఏది మూలకు ఒదిగి నిలబడింది, దేని పెంటికలు గోలీల్లా కాక ముద్దగా పడ్డాయి అన్నది అప్పుడు తెలిసినంతగా తరువాత తెలియదు, ఎందుకంటే తలుపు తెరిస్తే జబ్బు మేక కూడా మందతో కలిసి ఉత్సాహంగానే పరుగు తీస్తుంది. వారానికి ఒకసారి ప్రతి మేక కింది కనురెప్పను వేలితో లాగి లోపలి రంగు చూడాలి. ఎర్రగా ఉంటే సరే, పాలిపోయి ఉంటే కడుపులోని నట్టలు రక్తం తాగుతున్నాయని అనుమానించి పశువైద్యుడిని సంప్రదించాలి. మంద మొత్తానికీ నెలనెలా నట్టల మందు తాగించడం వల్ల మందుకు లొంగని నట్టలు పుట్టుకొస్తాయి. వానకాలంలో మంచు ఆరకముందు మేతకు వదలకూడదు, తడి గడ్డి కొసల మీదకే నట్టల పిల్లలు పాకి ఉంటాయి.

మేక గడ్డి కంటే ఆకును ఇష్టపడుతుంది. సుబాబుల్, అవిశ, తుమ్మ, వేప కొమ్మలను నేల మీద పడేయకుండా దాని తల ఎత్తుకు కట్టి వేలాడదీస్తే వృథా సగానికి తగ్గుతుంది. మన ప్రాంతంలో సోయాబీన్, కంది నూర్పిళ్ల తరువాత మిగిలే పొట్టు వేసవి దాకా ఆదుకుంటుంది. అయితే నూర్పిడి కళ్లంలోకి మేకలను స్వేచ్ఛగా వదిలితే గింజలు మితిమీరి తిని, కడుపు పులిసి, ఒక్క రాత్రిలో చనిపోయే ప్రమాదం ఉంది. జొన్న కోసిన మోళ్ల నుంచి వచ్చే లేత పిలకలు విషమన్న సంగతి పెద్దలందరికీ తెలిసిందే, పిల్లలను కాపలాకు పంపేటప్పుడు మాత్రం మళ్లీ చెప్పి పంపాలి. మొక్కజొన్న నూక, తవుడు, పల్లి చెక్క, ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు కలిపిన దాణా పెద్ద మేకకు రోజుకు 250 గ్రాములు చాలు. చూలు చివరి నెలన్నరలో దానిని 400 గ్రాముల దాకా నెమ్మదిగా పెంచాలి.

ప్రదర్శన కోసం పెంచేవారు అందరికంటే ఎక్కువగా పొరపాటు పడేది పోతును కలిపే నెల విషయంలో. మేక చూలు దాదాపు 150 రోజులు. ఎద 18 నుంచి 21 రోజులకు ఒకసారి వస్తుంది, ఒకటిన్నర రోజు నిలుస్తుంది. మాళేగావ్ జాతర మార్గశిర బహుళంలో, అంటే సాధారణంగా డిసెంబరు చివరి వారాలలోనో జనవరి మొదట్లోనో వస్తుంది. అప్పటికి నాలుగో నెల చూలుతో ఉన్న మేకను టెంపోలో ఎక్కించి, కిక్కిరిసిన జనంలో రోజంతా నిలబెడితే ఈచుకుపోవచ్చు, అంటే చూలు పోవచ్చు. పాలు తాగే పసిపిల్లలతో తీసుకెళ్లడం అంతకంటే తప్పు, ఎందుకంటే పీపీఆర్, అంటే మనం పారుడు రోగం అని పిలిచే జబ్బుకు టీకా మూడు నెలల వయసు దాటాకే వేస్తారు, ఆ జబ్బు పరిచయం లేని మందల కలయికలోనే అంటుకుంటుంది. కాబట్టి ప్రదర్శనకు ఎంచుకున్న ఆడమేకను ఏప్రిల్‌లో పోతుకు చూపించాలి. అది సెప్టెంబరులో ఈని, డిసెంబరు నడిమికి పిల్లలను పాలు మాన్పించి, మళ్లీ కండ పట్టే దశలో జాతరకు చేరుతుంది. మిగతా మందను సెప్టెంబరులో కలిపితే ఫిబ్రవరిలో పుట్టిన పిల్లలు జాతర నాటికి పది నెలలవై, పాలపళ్ల తరగతిలో నిలబడతాయి.

ఇరవై ఐదు మేకలకు ఒక పోతు చాలు. చిన్న మందకు సొంత పోతును పెంచడం ఖర్చే అయినా, అద్దె పోతుతో పాటు ఊరి జబ్బులన్నీ వస్తాయి కనుక ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒక మంచి పోతును కొని, దాని కూతుళ్లు ఎదకు రాకముందే మార్చుకోవడం నా దృష్టిలో మేలైన పద్ధతి. ఇంకా ఈనని పడుచు మేకను మొదటిసారి కలపడానికి వయసు కంటే బరువును చూడాలి. ఆ జాతి పెద్ద మేక బరువులో మూడింట రెండు వంతులు రాకుండా కలిపితే తల్లీ ఎదగదు, పిల్లా ఎదగదు. తూకం లేనివారు ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దానిని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే దాదాపు బరువు కిలోల్లో తెలుస్తుంది. చుట్టుకొలత 28, పొడవు 26 అయితే సుమారు 31 కిలోలు.

ఈనిన వెంటనే పిల్ల ముక్కూ మూతీ తుడిచి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్ది, గంటలోపే ముర్రుపాలు తాగించాలి. మాయ పడేదాకా పాలు తాగనివ్వకూడదనే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది, అది ఎన్ని పిల్లలను పొట్టన పెట్టుకుందో లెక్క లేదు. కవలల్లో బలహీనమైనదానికి ముర్రుపాలు అందాయో లేదో పొట్ట తడిమి చూడాలి. అదే రోజు పుస్తకంలో తేదీ, తల్లి, పోతు, పుట్టిన బరువు, మచ్చల గుర్తులు రాయాలి. ప్రభుత్వ పశువైద్యశాలలో చెవికి 12 అంకెల పోగు వేయించుకుంటే ఆ సంఖ్యనే పుస్తకంలోనూ వాడుకోవచ్చు.

జాతరకు ఏ మేకను తీసుకెళ్లాలో ఈ పుస్తకమే చెప్పాలి. నల్లగా నిగనిగలాడే ఒంటిపిల్ల మేక కంటే, మూడు ఈతలలో రెండుసార్లు కవలలను పెంచి నిలబెట్టిన మేక గొప్పది. తరువాత రూపం చూడాలి. కింది దవడ ముందుకో వెనక్కో జరగకూడదు, వీపు వంగకూడదు, వెనక కాళ్లు ఒకదానికొకటి రాసుకోకూడదు. పోతుకు రెండు వృషణాలూ సమానంగా దిగి ఉండాలి, ఆడమేక పొదుగు మెత్తగా ఉండి రెండే చన్నులు ఉండాలి. వయసును న్యాయనిర్ణేతలు పళ్లను బట్టి నిర్ణయిస్తారు. శాశ్వత పళ్లు రానిదానిని అక్కడ అదత్ అంటారు, ఏడాది దాటాక వచ్చే మొదటి జతతో అది దోన్ దాత్ అవుతుంది. నమోదు కాగితాలు మరాఠీలో ఉంటాయి కనుక శేళీ అంటే ఆడమేక, బోకడ్ అంటే పోతు, కరడూ అంటే పిల్ల అని ఇంట్లో కొత్తవారికి నేర్పించాలి.

నడక నేర్పడానికి కనీసం రెండు నెలలు కావాలి. రోజూ సాయంత్రం పావుగంట మెడకు పలుపు కట్టి, పక్కన నడిపించి, ఆపి, నాలుగు కాళ్లూ సమంగా నిలబెట్టి, కొత్తవారి చేత నోరు తెరిపించాలి. నా మొదటి పోతు ఇంటి దగ్గర పెళ్లికొడుకులా నడిచేది. ఖండోబా అంటే మన మల్లన్నే కదా, జాతరలో డప్పులూ 'యేళకోట యేళకోట జయ మల్హార్' కేకలూ మిన్నంటగానే అది బరిలో బైఠాయించింది. లేపేసరికి ఎవరో చల్లిన భండారా పసుపుతో నల్ల పోతు కాస్తా పచ్చ పోతు అయింది. అప్పటి నుంచి కార్తీకంలో ఊరి భజన జరిగే వీధిలోనే నడక నేర్పిస్తున్నాను.

జాతరకు కనీసం నెల ముందే టీకాలన్నీ పూర్తి చేసి, పశువైద్యుడి నుంచి ఆరోగ్య దాఖలా తీసుకోవాలి. రెండు రోజుల ముందు మధ్యాహ్నం ఎండలో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి, చలికాలపు సాయంత్రం కడిగితే దగ్గు పట్టుకుంటుంది. గిట్టలను మాత్రం పది రోజుల ముందే కత్తిరించాలి, పొరపాటున లోతుగా తెగినా అప్పటికి మానుతుంది. తెల్ల వెంట్రుకలకు నల్ల రంగు వేయడం, పొట్ట నిండుగా కనిపించడానికి ఉప్పు మేపి నీళ్లు తాగించడం చేసేవారు ఉన్నారు. న్యాయనిర్ణేత తడి చేత్తో ఒకసారి నిమిరితే ఆ రంగు ఏమవుతుందో వారే ఆలోచించుకోవాలి. ఇంటి మేతనూ, నీళ్ల బకెట్‌నూ వెంట తీసుకెళ్లాలి, అక్కడి ఉమ్మడి తొట్టిలో తాగనివ్వకూడదు.

బహుమతి వచ్చినా రాకపోయినా తిరిగి వచ్చిన మేకను నేరుగా మందలోకి వదలకూడదు. మూడు వారాల పాటు వేరే పాకలో కట్టి, దాని పని అంతా మంద పని ముగిశాకే చేసి, రోజూ జ్వరం, ముక్కు కారడం, పారుడు చూసుకోవాలి. ఈలోగా పుస్తకం తెరిచి, ఏప్రిల్‌లో ఏ మేకను ఏ పోతుకు చూపించాలో పెన్సిల్‌తో రాసుకోవచ్చు.