స్పోర్ట్స్ కారుకు కొత్త టైర్లు – ఐదో పాఠం: ముందూ వెనకా నిష్పత్తి, ట్రెడ్‌వేర్ అంకె

ఈ పాఠం రబ్బరు రకాలతో మొదలవ్వాలి. నాలుగో పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక, దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్లడం మంచిది కాదనిపించింది. అందుకే రబ్బరు సంగతి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

టైరు పక్కన రాసి ఉన్న సైజు నుంచి మొత్తం వ్యాసం కట్టమన్నాను కదా. చాలామంది రెండు చోట్ల తడబడ్డారు. 245/35 జెడ్‌ఆర్20 లాంటి సైజులో 245 టైరు వెడల్పు మి.మీ.లో, 35 అంటే ఆ వెడల్పులో ఎంత శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తో, 20 రిమ్ము అంగుళాలు. కొందరు ఆ 35ను మిల్లీమీటర్లుగా తీసుకున్నారు. కొందరు శాతంగానే తీసుకున్నారు గానీ సైడ్‌వాల్ ఎత్తును ఒక్కసారే కలిపారు. రిమ్ముకు పైన ఒక సైడ్‌వాల్ ఉంటుంది, కింద ఇంకొకటి ఉంటుంది. రెండూ కలపాలి.

ఇంకోసారి చేద్దాం. పోర్షే 911 కరెరా ఎస్, 992 తరం. ముందు 245/35 జెడ్‌ఆర్20, వెనక 305/30 జెడ్‌ఆర్21. ముందు టైరు వెడల్పు 245లో 35 శాతం అంటే 85.75 మి.మీ. రెండు వైపులా కలిపి 171.5. రిమ్ము 20 అంగుళాలు, అంటే 508. మొత్తం 679.5 మి.మీ. వెనక టైరుకు 305లో 30 శాతం 91.5, రెట్టింపు 183. రిమ్ము 21 అంగుళాలు, 533.4. మొత్తం 716.4.

ఇక్కడే ఇంకో విషయం గమనించండి. 35 కంటే 30 చిన్నది కాబట్టి వెనక సైడ్‌వాల్ పొట్టిదని మీలో కొందరు రాశారు. నిజానికి అదే దాదాపు 6 మి.మీ. ఎత్తు ఎక్కువ. శాతం దేనిలో శాతమో చూడకుండా రెండు సైజులను పోల్చకండి.

లెక్క సరిగ్గా చేసినవాళ్లకు వేరే భయం పట్టుకుంది. ముందు టైరుకూ వెనక టైరుకూ 37 మి.మీ. తేడా వచ్చింది, ఎక్కడో తప్పు చేశామేమో అని. తప్పు లేదు. ఆ బండిని అలాగే తయారుచేశారు. అదే సైజులతో, నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే కరెరా 4ఎస్ కూడా ఉంది. నాలుగు చక్రాల బండి అని నేను అనేది ఇలాంటిదాన్నే. ఇప్పుడు నిస్సాన్ జీటీ-ఆర్, ఆర్35 చూడండి. ముందు 255/40, వెనక 285/35, నాలుగూ 20 అంగుళాల రిమ్ములే. ముందు 712, వెనక 707.5. తేడా నాలుగున్నర మిల్లీమీటర్లే. అదీ నాలుగు చక్రాల బండే. ఒకదాంట్లో 37, ఇంకోదాంట్లో 4.5, రెండూ సరైనవే. ఏ బండికైనా చూడాల్సింది తేడా ఎంతన్నది కాదు. కంపెనీ పెట్టిన నిష్పత్తి మారిందా లేదా అన్నది. 911లో వెనక వ్యాసాన్ని ముందు వ్యాసంతో భాగిస్తే 1.054 వస్తుంది. జీటీ-ఆర్‌లో 0.994. మీ బండి నిష్పత్తి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ముందుకీ వెనక్కీ శక్తి పంచే వ్యవస్థను ఆ నిష్పత్తికి తగ్గట్టే సర్దుతారు. బ్రేకు వేసినప్పుడు చక్రం జారకుండా చూసే ఏబీఎస్, గట్టిగా వేగం పెంచినప్పుడు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా చక్రాల వేగాలను పోల్చుకుంటూ పనిచేస్తాయి. నిష్పత్తి మారితే, చక్రం జారకపోయినా వాటికి జారినట్టు కనిపించవచ్చు.

"వెనక 305 బదులు 315 వేస్తే బాగుంటుంది కదా, పట్టు పెరుగుతుంది కదా" అని అడిగినవాళ్లకు జవాబు కూడా ఇందులోనే ఉంది. దీనికి నేను వాడే షార్ట్‌కట్ ఒకటి చెబుతాను. వెడల్పు 10 మి.మీ. పెంచి, రెండో అంకెను అలాగే ఉంచితే, ఆ అంకెను రెట్టింపు చేసి పదితో భాగించండి. వ్యాసం అన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. 30 అయితే 6 మి.మీ., 35 అయితే 7, 40 అయితే 8. కాబట్టి 911కు వెనక 315/30 వేస్తే 722.4 అవుతుంది, నిష్పత్తి 1.063 అవుతుంది. వెనక చక్రాలతో మాత్రమే నడిచే కరెరా ఎస్ దీన్ని భరించవచ్చు. కరెరా 4ఎస్‌కు మాత్రం నేను వేయను. టొయోటా జీఆర్86కు 215/40ఆర్18 బదులు 225/40ఆర్18 నాలుగు చక్రాలకూ వేస్తే నిష్పత్తి మారదు. వ్యాసం 8 మి.మీ. పెరుగుతుంది, గేరింగ్ ఒక శాతం పైచిలుకు పొడవవుతుంది (ఇంజిన్ అన్నే చుట్లు తిరిగినా బండి ఆ మేరకు ఎక్కువ దూరం వెళ్తుంది), అంతే. రిమ్ము వెడల్పు దానికి సరిపోతుందో లేదో టైరు కంపెనీ పట్టికలో చూసుకోండి.

కాగితం మీద సైజు సరిపోయినా అరుగుదల నిష్పత్తిని మార్చేస్తుంది. ఈ సంగతి ఎవరూ రాయలేదు. ట్రెడ్ (నేలకు తగిలే, గాడులున్న రబ్బరు) 4 మి.మీ. అరిగితే వ్యాసం 8 మి.మీ. తగ్గుతుంది. జీటీ-ఆర్ ముందు టైర్లు అలా అరిగి ఉండగా వెనక జత మాత్రమే కొత్తది వేశారనుకోండి. అరిగిన ముందు చక్రం, కొత్త ముందు చక్రంతో పోలిస్తే, వంద కిలోమీటర్లకు దాదాపు 500 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. ఆ తేడాను ముందుకీ వెనక్కీ శక్తి పంచే క్లచ్చులు బండి నడిచినంతసేపూ మోయాలి. నాలుగు చక్రాల బండికి ఒక జతే మార్చేముందు ఎంత తేడా అనుమతిస్తారో ఓనర్ మాన్యువల్‌లో చూడండి. అందులో లేకపోతే సర్వీస్ వాళ్లను రాతపూర్వకంగా అడగండి. వెనక చక్రాల బండికి వెనక జత మాత్రమే మార్చడం మామూలే, ముందు కంటే అదే త్వరగా అరుగుతుంది. అయితే ముందున్నది ఏ మోడలో వెనకా అదే మోడల్ వేయాలి. ముందు ఒక కంపెనీ, వెనక ఇంకో కంపెనీ వేసిన బండి మలుపు మధ్యలో ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ ముందే చెప్పలేరు. నాలుగు చక్రాలకూ ఒకే సైజు ఉన్న బండిలో రెండే కొత్తవి కొంటే అవి వెనకే వేయండి. ముందు చక్రాలతో నడిచే బండికైనా ఇదే మాట. తడి రోడ్డు మీద వెనక జారితే తిప్పుకోవడం చాలా కష్టం.

సైడ్‌వాల్ మీద కనిపించే కంపెనీ గుర్తుల గురించి నాలుగు ముక్కలు. ఎన్0, ఎన్1 అంటే పోర్షే, నక్షత్రం అంటే బీఎమ్‌డబ్ల్యూ, ఎమ్‌ఓ అంటే మెర్సిడెస్, ఏఓ అంటే ఆడి. పేరు ఒకటే అయినా గుర్తు మారితే లోపలి నిర్మాణమో రబ్బరో మారి ఉండవచ్చు. ఎన్0 రెండు, ఎన్1 రెండు కలిపి వేయకండి. వారంటీ ఉన్న బండికి నేను గుర్తున్నదే కొంటాను. పాత బండికి గుర్తున్న టైరు దొరకకపోతే, నాలుగూ ఒకే మోడల్‌వి, సరిపడా లోడ్ సంఖ్య (టైరు మోయగల బరువును చెప్పే అంకె) ఉన్నవి తీసుకుంటాను.

టైరు తట్టుకునే గరిష్ఠ వేగాన్ని (గంటకు కి.మీ.లో) చెప్పే స్పీడ్ అక్షరాలు పోయినసారి చెప్పినవే: డబ్ల్యూ 270, వై 300, బ్రాకెట్‌లో వై ఉంటే 300 దాటి. ఒక్క మాట చేరుస్తాను. డబ్ల్యూ టైరు 240 దాకానే పూర్తి బరువు మోస్తుంది. 270 దగ్గర దాని సామర్థ్యం 85 శాతానికి పడిపోతుంది. వై టైరుకు ఆ తగ్గుదల 270 తర్వాత మొదలవుతుంది. "ఆ వేగంలో నేనెప్పుడూ వెళ్లను" అని కింది అక్షరం కొనేవాళ్లు ఇది కూడా ఆలోచించాలి.

ఇక ట్రెడ్‌వేర్ అంకె, అంటే టైరు అరుగుదలకు సైడ్‌వాల్ మీద వేసే గ్రేడు. అంకె పెద్దదైతే నెమ్మదిగా అరుగుతుందని అర్థం. జవాబులతో పాటు మీరు అడిగిన ప్రశ్నల్లో సగం దీని గురించే. "ఇది 300, అది 340, కాబట్టి రెండోదే మేలు కదా?" ఈ ప్రశ్న ఏ రూపంలో వచ్చినా నాకు బాధగానే ఉంటుంది. ఎందుకంటే ఈ ఒక్క అంకె చూసి మంచి టైరును పక్కన పెట్టేస్తున్నారు. అది ఎక్కడి నుంచి వస్తుందో పూర్తిగా చెబుతాను. ఇంకెప్పుడూ ఆ పోలిక చేయకండి.

ఇది అమెరికా ప్రభుత్వ నియమం ప్రకారం వేసే గ్రేడు. టెక్సస్‌లో శాన్ ఏంజెలో చుట్టూ 400 మైళ్ల రోడ్డు మార్గం ఉంది. పరీక్షించాల్సిన టైర్లతో, ప్రామాణిక టైర్లతో కార్లు వరుసగా ఆ మార్గంలో తిరుగుతాయి. మొదటి 800 మైళ్లు టైరు కుదురుకోవడానికి, తర్వాత 6,400 మైళ్లు కొలతకు. మొత్తం 7,200 మైళ్లు, అంటే దాదాపు 11,600 కిలోమీటర్లు. ప్రామాణిక టైరుకు 100 అనుకుని, దాంతో పోల్చి అరుగుదలను అంచనా కడతారు. పూర్తిగా అరిగేదాకా నడపరు. కొంతదూరం నడిపి, మిగతాది లెక్కతో ముందుకు సాగదీస్తారు.

ఆ తర్వాత జరిగేది మీరు గుర్తుంచుకోవాలి. ఆ గ్రేడును టైరు మీద ముద్రించేది తయారీ కంపెనీయే. పరీక్షలో వచ్చినదానికంటే తక్కువ వేసుకోవడానికి దానికి స్వేచ్ఛ ఉంది. ఒక కంపెనీ వచ్చిన అంకెకు దగ్గరగా వేస్తుంది, ఇంకోటి జాగ్రత్తకు బాగా తగ్గించి వేస్తుంది. అలాంటప్పుడు ఒక కంపెనీ 300నూ ఇంకో కంపెనీ 340నీ పక్కపక్కన పెడితే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు.

దీనికి సాక్ష్యం పోటీల్లోనే ఉంది. అమెరికాలో ఎస్‌సీసీఏ అనే స్పోర్ట్స్ కార్ల క్లబ్బు నడిపే ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కో బండినీ సమయం చూసి నడిపే పోటీ) స్ట్రీట్ తరగతుల్లో టైరు ట్రెడ్‌వేర్ కనీసం 200 ఉండాలి. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్‌ఎస్ మీద చూడండి, 200. యోకోహామా అడ్వాన్ ఏ052 మీద చూడండి, అదీ 200. ఈ తరగతి కోసమే తయారైన టైర్లు సరిగ్గా గీత మీదే నిలబడతాయి. అవి ఎంత త్వరగా అరుగుతాయో వాడినవాళ్లకు తెలుసు. ఆ 200 చూసి, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద ఉన్న 300లో మూడింట రెండొంతుల ఆయుష్షు వస్తుందని లెక్క వేయకండి.

ఇంకా ఉంది. ఆ పరీక్ష మామూలు రోడ్డు మీద, మామూలు వేగంలో జరుగుతుంది. మీ బండి వెనక చక్రాలకు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) ఎక్కువ ఉంటుంది, లోపలి అంచు ముందు అరుగుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంకా త్వరగా అరుగుతుంది. స్పోర్ట్స్ కారు టైరు ఆయుష్షు వీల్ అలైన్‌మెంట్, కుడికాలు తేలుస్తాయి, అచ్చు వేసిన అంకె కాదు. తడి రోడ్డు మీద బ్రేకు పట్టుకు వేసే ట్రాక్షన్ గ్రేడు (అన్నిటికంటే పైది ఏఏ) కూడా ఇలాంటిదే. తడిసిన తారు, కాంక్రీటు మీద తిన్నగా పోతూ చక్రం లాక్ చేసి కొలుస్తారు. మలుపులో పట్టు గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. ఏఏ ఉంది కదా అని మలుపులో నమ్ముకోకండి.

ఈ అంకె పనికొచ్చేది ఒక్కచోటే: ఒకే కంపెనీ రెండు మోడళ్లను పోల్చేటప్పుడు. అక్కడ కూడా దిక్కు మాత్రమే తెలుస్తుంది, ఎన్ని కిలోమీటర్లన్నది తెలియదు.

రబ్బరు రకాలు ఇప్పుడు. రోడ్డుకు తగిన గరిష్ఠ స్థాయి సమ్మర్ టైర్లు మొదటి రకం: పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ 7, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్ లాంటివి. ట్రాక్ వైపు మొగ్గేవి రెండో రకం: మిషెలిన్ కప్ 2, పిరెల్లి ట్రోఫియో, పైన చెప్పిన ఏ052. గాడుల లోతు వీటిలో తక్కువ. నిలిచిన నీళ్ల మీద త్వరగా తేలిపోతాయి, చల్లగా ఉన్నప్పుడు పట్టు అందదు. ఆల్-సీజన్ మూడో రకం. ఉష్ణోగ్రత దాదాపు 7 డిగ్రీల కంటే తగ్గితే సమ్మర్ రబ్బరు గట్టిపడుతుంది. గడ్డకట్టే చలిలో ఆ టైర్లతో బండిని కదిపితే ట్రెడ్‌కు పగుళ్లు కూడా రావచ్చు. అలాంటి చలిలో బండి తీయాల్సినవాళ్లు రెండో సెట్ చక్రాలు కొనుక్కోండి, లేకపోతే ఆల్-సీజన్‌కు ఒప్పుకోండి.

నా ఎంపిక సూటిగా చెబుతాను. రోడ్డు మీద తిరిగే బండికి మొదటి రకమే. అప్పుడప్పుడు ట్రాక్‌కు వెళ్లేవాళ్లు కూడా రోజూ కప్ 2 మీద తిరగాల్సిన పని లేదు. ట్రాక్ మీద నిజంగా మోజు ఉంటే దానికి విడిగా ఒక సెట్ రిమ్ములు పెట్టుకోండి. రోడ్డు మీద వాన ఎప్పుడు మొదలవుతుందో మన చేతిలో లేదు.

డెలివరీ తీసుకునే రోజు నేను ముందు చూసేది సైడ్‌వాల్ మీద ఉండే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు, అంటే తయారైన తేదీ. 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగు టైర్ల తేదీలూ దగ్గరగా ఉండాలి. రెండేళ్లు దాటినవి ఇస్తే నేను వెనక్కి పంపిస్తాను. బిగించాక మొదటి 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, అచ్చు నుంచి తీసేటప్పుడు అంటిన పూత అప్పటికి పోతుంది.

ఈసారి అభ్యాసం పెద్దది. కనీసం ఒక పూట తీరిక చేసుకుని చేయండి. డెప్త్ గేజ్‌తో ప్రతి టైరుకూ లోపలి, మధ్య, బయటి గాడులు కొలవండి. ఒక్కో గాడిని చుట్టూ మూడు చోట్ల కొలవండి. నాలుగు టైర్లకు 36 కొలతలు వస్తాయి. వాటితో ప్రతి టైరు ఇప్పటి వ్యాసం కట్టండి: సైజు ప్రకారం వచ్చిన వ్యాసం నుంచి సగటు అరుగుదలకు రెట్టింపు తీసేయాలి. కొత్త టైరు లోతు కంపెనీ పత్రంలో ఉంటుంది. ఆ తర్వాత మూడు నిష్పత్తులు రాయండి: కంపెనీ పెట్టింది, ఇప్పుడున్నది, వెనక జత మాత్రమే మారిస్తే వచ్చేది. లోపలి గాడి బయటిదాని కంటే 2 మి.మీ. పైగా అరిగి ఉంటే టైర్లు కొనేముందే అలైన్‌మెంట్ చేయించండి, ఆ రిపోర్టు దాచండి.

డోర్ దగ్గరున్న స్టిక్కర్‌లోని గాలి ప్రెషర్ కూడా ముందుకు, వెనక్కు విడివిడిగా రాసుకోండి. టైరు సైడ్‌వాల్ మీద కనిపించే గరిష్ఠ ప్రెషర్ రాయకండి, అది వేరు. ఆరో పాఠం ఆ స్టిక్కర్ అంకెల దగ్గర మొదలవుతుంది.