పూర్వ విద్యార్థుల సంఘం, బ్యాంకు కార్డు – 3వ పాఠం: ఎవరికెంత?

సంఘం పేరు, లోగోతో బ్యాంకు సభ్యులకు ఇచ్చే క్రెడిట్ కార్డు గురించే ఈ పాఠాలు. కిందటి పాఠంలో ఆ పేరు, లోగో బ్యాంకు ఎక్కడెక్కడ వాడుకోవచ్చో చూశాం. ఈసారి డబ్బు లెక్క. కాగితం, పెన్ను తీసుకోండి.

హైదరాబాద్‌లోని ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం అనుకుందాం. కార్డు మీద జరిగే ఖర్చులో 0.25 శాతం సంఘానికి ఇస్తామని బ్యాంకు చెప్పింది. ఇది లెక్క కోసం నేను వేసుకున్న అంకె. ఒక సభ్యుడు ఏడాదిలో లక్ష రూపాయలు ఖర్చుపెడితే సంఘం స్కాలర్‌షిప్ నిధికి చేరేది 250 రూపాయలు.

ఇప్పుడు అదే సభ్యుడి జేబు చూడండి. ఒక నెల చేతిలో డబ్బు ఆడక మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కట్టాడు. ఇంకా 20,000 బాకీ ఉంది. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 700. దాని మీద 18 శాతం జీఎస్టీ 126. మొత్తం 826 రూపాయలు, ఒక్క నెలకే! పైగా బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఇవాళ మోండా మార్కెట్‌లో కొన్న సరుక్కి ఇవాళ్టి నుంచే వడ్డీ.

కార్డు మీద తన కాలేజీ పేరుంటే మనిషి రెండో ప్రశ్న వేయడు. అందుకే సభ్యులకు పంపే మొదటి ఉత్తరంలోనే ఈ 826 లెక్క ఉండాలి. దానికి బ్యాంకు ఒప్పుకోకపోతే సంతకం పెట్టొద్దు.

ఫోన్ నంబర్ల సంగతీ ఇక్కడే తేల్చుకోవాలి. నేనున్న ఒక సంఘం సభ్యుల జాబితా మొత్తం బ్యాంకుకు ఇచ్చేసింది. రిటైరైన మా లెక్కల మాస్టారికి వారమంతా కార్డు తీసుకోమని ఫోన్లే. ఆయన నన్నడిగితే తలెత్తలేకపోయాను. ఒప్పుకున్నవాళ్ల నంబర్లే ఇవ్వండి. బ్యాంకు నుంచి సంఘానికి వచ్చే సమాచారం విషయంలో మాత్రం రక్షణ ఉంది: కార్డు లావాదేవీల సమాచారం కో-బ్రాండింగ్ భాగస్వామికి (కార్డు మీద బ్యాంకుతో పాటు పేరున్న సంస్థకి, ఇక్కడ మన సంఘానికి) అందకూడదని 2022 ఆదేశాల్లో ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. ఎవరు ఎక్కడ ఎంత ఖర్చుపెట్టారో మన కోశాధికారికి తెలియదు, తెలియకూడదు.

అభ్యాసం: మీ కార్డు పాత స్టేట్‌మెంట్ ఒకటి తీసి, నెలవారీ వడ్డీ శాతం వెతకండి. 20,000 బాకీకి పై లెక్క మళ్లీ వేయండి.

4వ పాఠం: ఒప్పందం రద్దయితే సభ్యుల చేతుల్లోని కార్డులు ఏమవుతాయి?