నోటి దుర్వాసన: ముందు నాలుక వెనక చూడండి

నోటి దుర్వాసన చాలామందిలో కడుపులోంచి రాదు, నోట్లోనే పుడుతుంది. నాలుక వెనక భాగంలో పేరుకున్న తెల్లటి పాచిలో, పళ్ల సందుల్లో ఉండే బ్యాక్టీరియా ప్రోటీన్లను కుళ్లబెట్టి గంధకపు వాయువులు వదులుతుంది. సోంపు, లవంగం నమిలితే ఆ వాసన కాసేపు కప్పబడుతుంది, అంతే.

చెంచా బోర్లించి నాలుక వెనక నుంచి గీకి, కొన్ని సెకన్లు ఆగి వాసన చూడండి. తెలిసిపోతుంది.

టంగ్ క్లీనర్‌ను డోకు రానంత వెనక పెట్టి మెల్లగా ముందుకు లాగాలి. ప్రతిసారీ కడుగుతూ నాలుగైదుసార్లు చాలు. రక్తం వచ్చేదాకా గీకేవాళ్లూ ఉంటారు. దానివల్ల నాలుక పుండవుతుంది తప్ప లాభం లేదు.

ఫ్లోరైడ్ పేస్టుతో రోజూ రెండుసార్లు, 2 నిమిషాలు తోమండి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి రాత్రి తోమడం మానకూడదు. పళ్ల సందుల్లోకి బ్రష్ వెళ్లదు, ఫ్లాస్ (సందులు శుభ్రం చేసే సన్నటి దారం) కావాలి. తీసిన దారం కంపు కొడితే తంటా అక్కడే ఉన్నట్టు. కట్టుడు పళ్లు రాత్రి తీసి, తోమి, నీళ్లలో వేయాలి.

క్లోర్‌హెక్సిడిన్ (బ్యాక్టీరియాను చంపే మందు) ఉన్న మౌత్‌వాష్ డాక్టర్ చెబితేనే, చెప్పినన్నాళ్లే. ఎక్కువకాలం వాడితే పళ్లపై గోధుమరంగు మరకలు పడతాయి.

చిగుళ్లలో రక్తం వస్తున్నా, 2 వారాలైనా వాసన తగ్గకపోయినా డెంటిస్టును కలవండి. పళ్లు, చిగుళ్లు బాగానే ఉన్నాయంటే టాన్సిల్స్, సైనస్ సంగతి ఈఎన్‌టీ డాక్టర్ చూస్తారు.