జాతీయ భద్రతా కేసులు విచారించే జడ్జి కావాలంటే: గోదావరి జిల్లాల లా విద్యార్థులకు

జాతీయ దర్యాప్తు సంస్థ, అంటే ఎన్‌ఐఏ, పెట్టే కేసులను విచారించే జడ్జి పదవికి విడిగా నోటిఫికేషన్ గాని, పరీక్ష గాని ఉండవు. 2008 నాటి ఎన్‌ఐఏ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి, జిల్లా స్థాయిలో తీవ్ర నేరాలు విచారించే సెషన్స్ కోర్టులనే ప్రత్యేక కోర్టులుగా నిర్దేశిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వానికి కూడా 22వ సెక్షన్ కింద ఇటువంటి అధికారం ఉంది. మన రాష్ట్రంలో ఈ కోర్టులు విజయవాడ, విశాఖపట్నంలలో ఉన్నాయి. కాబట్టి రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో లా చదువుతున్నవారు ఆలోచించవలసినది సెషన్స్ జడ్జి స్థాయికి చేరే దారి గురించే.

ఆ దారులు ప్రధానంగా రెండు. మొదటిది జూనియర్ సివిల్ జడ్జిగా చేరి పదోన్నతులపై పైకి రావడం. ఇందుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తిరిగి విధించింది. బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా నమోదైన తేదీ నుంచే ఈ కాలాన్ని లెక్కిస్తారు కనుక పట్టా అందిన వెంటనే నమోదు కావడం మంచిది. రెండవది ఏడేళ్ల ప్రాక్టీసు తరువాత జిల్లా జడ్జి పోస్టుకు (సెషన్స్ జడ్జి కూడా ఈ స్థాయి వారే) నేరుగా పోటీపడడం. న్యాయవాదిగా, న్యాయాధికారిగా కలిపి ఏడేళ్ల అనుభవం ఉన్నవారు కూడా ఈ పోటీకి అర్హులేనని 2025 అక్టోబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ప్రాక్టీసు ఎక్కడ మొదలుపెట్టాలన్నది చాలామందిని వేధించే ప్రశ్న. డెల్టాలో ప్లీడరు గారి ఆఫీసుకు వచ్చేవి ఎక్కువగా ప్రోనోటు దావాలు, గట్టు తగాదాలు, భాగ పంపిణీలు, చేపల చెరువుల లీజు వివాదాలు. వీటికీ దేశభద్రతకూ ఏమి సంబంధమని చిన్నచూపు చూడడం తగదు. ఒక దస్తావేజు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, దానిని కోర్టులో ఎవరి ద్వారా రుజువు చేయాలి అన్న క్రమశిక్షణ అలవడేది ఈ దావాలలోనే. రేపు స్వాధీనం చేసుకున్న ఫోన్లు, హార్డ్‌డిస్కులు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇవ్వవలసిన ధ్రువపత్రం ముందుకు వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలూ అవే. అయితే సివిల్ పనితోనే సరిపెట్టుకోకుండా సెషన్స్ కేసులు నడిపే సీనియర్ దగ్గర కొంతకాలమైనా పనిచేసి, ఛార్జిషీటునూ, సాక్షుల వాంగ్మూలాలనూ, సోదా, స్వాధీనాల వేళ పంచుల ఎదుట రాసే మహజరునూ పక్కపక్కన పెట్టుకొని చదవడం నేర్చుకోవాలి.

చదువులో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసినది 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టానికి, అంటే ఉపాకు, అందులోనూ 43డి సెక్షన్‌కు. నిందితుని నిర్బంధంలో ఉంచి సాగించే దర్యాప్తుకు సాధారణంగా తొంభై రోజులతో ముగిసే గడువును ఈ సెక్షన్ కింద కోర్టు 180 రోజుల వరకు పెంచవచ్చు. కాని దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, నిందితుని ఇంకా నిర్బంధంలో ఉంచవలసిన ప్రత్యేక కారణాలేమిటో పబ్లిక్ ప్రాసిక్యూటర్ తన నివేదికలో చెప్పాలి. పోలీసు అభ్యర్థనకు కవరింగ్ లెటరు జోడించినంత మాత్రాన అది నివేదిక కాదు. అదే సెక్షన్‌లోని అయిదవ ఉపసెక్షన్ ప్రకారం ఆరోపణ ప్రాథమికంగా నిజమని నమ్మడానికి సహేతుక కారణాలుంటే బెయిలు ఇవ్వరాదు. ఆ దశలో సాక్ష్యాన్ని తూకం వేయరాదని 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు అన్నది; విచారణ అంతులేకుండా సాగుతున్నప్పుడు రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వడానికి ఈ నిబంధన అడ్డు కాదని 2021లో నజీబ్ కేసులో అన్నది. ఈ రెండు తీర్పులనూ సారాంశాలు కాకుండా పూర్తి పాఠంతో చదివి, ఒక ఊహాజనిత కేసుపై బెయిలు ఉత్తర్వును రెండు విధాలా, ఇస్తూ ఒకసారి, నిరాకరిస్తూ ఒకసారి, రాసి చూడడం ఏ కోచింగ్ కంటే మంచి సాధన అని నా అభిప్రాయం.

రహస్యం విషయంలోనూ ఇటువంటి నిగ్రహమే అవసరం. ఎన్‌ఐఏ చట్టం 17వ సెక్షన్ కింద సాక్షి పేరు, చిరునామా బయటపడకుండా చూడవచ్చు, విచారణను తలుపులు మూసి జరపవచ్చు. అయితే సాక్షికి ప్రాణభయం ఉన్నదని ఏ ఆధారంతో నమ్మారో రాతలో పెట్టాలి. ఇక్కడ రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు గారిని చదవాలి. ఖరక్ సింగ్ కేసులో, పోలీసు నిఘా వ్యక్తి స్వేచ్ఛను హరిస్తుందని ఆయన రాసిన భిన్నాభిప్రాయాన్ని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆమోదించింది. ఆయన 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారన్నది మన జిల్లాల్లో అందరూ చెప్పుకుంటారు గాని, ఆ ఖరక్ సింగ్ తీర్పు చదివినవారు తక్కువ.

పదవిలోకి వెళ్లాక పని ఒత్తిడి వేరుగా ఉంటుంది. మేజిస్ట్రేటు కమిట్ చేయకుండానే, అంటే విచారణకు పైకి పంపకుండానే, ప్రత్యేక కోర్టు కేసును నేరుగా స్వీకరించవచ్చు. విచారణను వీలైనంతవరకు పనిదినాలన్నిటా వరుసగా నడపాలి కనుక వాయిదాలకు అలవాటుపడినవారికి మొదట కష్టంగానే ఉంటుంది. తీర్పుపైనా, బెయిలు ఉత్తర్వుపైనా అప్పీళ్లను హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం వింటుంది. కేసు నడుస్తుండగా ఇచ్చే మిగిలిన మధ్యంతర ఉత్తర్వులపై మాత్రం ఆ చట్టం కింద అప్పీలూ లేదు, రివిజనూ లేదు. అందుచేత ఒక పత్రం నకలును నిందితునికి ఇవ్వాలా వద్దా అన్న చిన్న ఉత్తర్వును కూడా, పైకోర్టు ఎలాగూ సరిదిద్దుతుందిలే అన్న ధీమా లేకుండా, కారణాలతో సహా రాయవలసి ఉంటుంది.